సున్నం సూరయ్య ఎర్రనీళ్లు

తెలుగు కూలీలు వలసపోయిన సముద్రం అవతలి చెరకు దీవిలో, బ్రిజే వెర్దియేర్ ఊరి దగ్గరి చక్కెర ఫ్యాక్టరీలో సూరయ్య పదహారేళ్లుగా సున్నం కలిపేవాడు. పొడవాటి తొట్టిలో చెరకురసం పారుతుంటే, దాని పక్కనే సన్నటి ధారగా సున్నపుపాలు వదలడం అతని పని. సున్నం బాగా కలిస్తేనే మడ్డి దిగుతుంది, చక్కెర శుభ్రంగా వస్తుంది.

1961 కోతల కాలంలో కొత్త తొట్టి పెట్టారు. ఆ వారమే చక్కెర నల్లబడింది.

"సున్నం తగ్గిస్తున్నావు. శనివారంతో నీ పని సరి," అన్నాడు ఫ్యాక్టరీ పెద్ద రోజర్. అక్కడ రసం ఎటు పారినా తప్పు మాత్రం కూలివాడి వైపే పారేది.

రోజర్‌కు ఆధారం ఒక కాగితం. క్యూర్‌పైప్ పట్నం నుంచి వచ్చిన కెమిస్టు, కూలీలు 'ముస్యే' అని పిలిచే మార్సెల్ దొర, తొట్టి పెట్టకముందే పిడి తిప్పే లెక్కల యంత్రం ముందు మూడు వారాలు కూర్చున్నాడు. కొత్త తొట్టిని కాగితం మీద గళ్లుగా గీసి, ఏ గడికి ఎంత సున్నం చేరుతుందో ఒక్కొక్కటే లెక్కగట్టాడు. ఇరవై అడుగుల్లో రెండు ధారలూ ఒకటైపోతాయని తేలింది. కాబట్టి తప్పు తొట్టిది కాదు, మనిషిదేనని రోజర్ తేల్చాడు.

సూరయ్యకు ఆ లెక్క అర్థం కాదు. తాను సున్నం తగ్గించలేదని మాత్రం తెలుసు. శనివారం పొద్దున్నే వంటింట్లోని పసుపంతా మూటగట్టాడు.

"ఏవయ్యా, ఫ్యాక్టరీకి దిష్టి తీస్తావా?" అంది భార్య కనకమ్మ.

"రోజర్ కళ్లకి తీస్తానే. నాకు తగిలింది ఆ దిష్టే."

పసుపునీళ్లలో సున్నం పడితే ఎర్రబడతాయని, పులుపు తగిలితే ఆ ఎరుపు విరుగుతుందని దిష్టి తీసే ఇళ్లలో అందరికీ తెలుసు. చెరకురసంలోనూ కాస్త పులుపుంటుంది కాబట్టి, సున్నం రసంలో కలిస్తే ఎరుపు పోవాలి. సూరయ్య ఆ పసుపును సున్నపుపాలలో కలిపి వదిలాడు. రసం పక్కన ఎర్రటి చార, గీత గీసినట్టు, తొట్టి చివరిదాకా పోయింది. రోజర్‌తో కలిసి అటు వచ్చిన మార్సెల్‌ను సూరయ్య కేకేశాడు.

"ముస్యే మార్సెల్, చూడండి! మాటల్లేని తోడికోడళ్లలా పక్కపక్కనే పోతున్నాయి. ఎక్కడ కలిశాయి?"

"ఏమిటీ మంత్రాలు?" అని రోజర్ అరిచాడు.

మార్సెల్ తొట్టిమీదికి వంగాడు. చెరకుపిప్పి తునకలు రెండు తీసి చెరో ధారమీద వేశాడు. రెండూ సమానంగా సాగిపోయాయి. ఆయన ముఖం కందిపోయింది.

"తప్పు నాది, రోజర్. సున్నం ధార రెండింతల వేగంతో పోతుందనుకుని లెక్కవేశాను. ఒకటి రెండోదాన్ని ఒరుసుకుంటూ ముందుకు పోతేనే మధ్యలో సుడులు లేస్తాయి. కలిపేది ఆ సుడులే. ఇక్కడ రెండిటిదీ ఒకే నడక. ఇతని సున్నంలో లోపం లేదు."

సున్నపుపాలు జోరుగా దిగేలా, అవి వచ్చే కాలువను జానెడు ఎత్తు లేపారు. ఎర్రచార వంకర్లు పోయింది, చుట్టలు చుట్టుకుంది, పదిహేను అడుగులకల్లా రసంలో మాయమైంది. రోజర్ అక్కణ్ణుంచి వెళ్లిపోయాడు.

"మీరు ఊరుకుంటే పోయేది కదా ముస్యే," అన్నాడు సూరయ్య. "నన్నెవరడుగుతారు?"

"లెక్క మళ్లీ వెయ్యాలి. సుడి ఎక్కడ లేచిందో నువ్వు చూపించు," అన్నాడు మార్సెల్.

ఏడేళ్ల తర్వాత, ఆ దీవికి స్వాతంత్ర్యం వచ్చిన ఏటి కోతల్లోనూ అక్కడ సున్నం వదిలింది సూరయ్యే. దొరలందరినీ ఎవరైనా తిట్టిపోస్తుంటే అతనూ గొంతు కలిపేవాడు, కాసేపటికి ఆగేవాడు. "ఒక్కడున్నాడ్రా. తన తప్పు తన నోటితో చెప్పి, నా కూడు నాకు నిలబెట్టాడు. ఆయన్ని మాత్రం వదిలెయ్యండి."