సగంలో ఆపిన పాఠకురాలు

నా మొదటి నవల అచ్చయి వచ్చిన కొత్తలో ప్యాసింజర్ బండిలో బెల్లంపల్లి వైపు వెళ్తున్నాను. ఆడవాళ్ల పెట్టెలో కాలు కదిపే చోటు లేదు. ఎదురుగా పెద్దపల్లిలో ఎక్కిన కొత్త కోడలు, పదహారేళ్లుంటాయేమో. పక్కనే కునికిపాట్లు పడుతున్న అత్త, పిల్ల ఎక్కడ దిగిపోతుందోనని తన కొంగును ఆమె కొంగుకు ముడేసుకుంది.

నా ఒళ్లోని పుస్తకాన్ని ఆ అమ్మాయి అడిగి తీసుకుంది. అది నేనే రాశానని చెప్పలేదు. ఒకే బడిలో చదివే ముగ్గురు అమ్మాయిల కథ అది. పెదవులు కదుపుతూ, మధ్య మధ్య నవ్వుకుంటూ చదివింది. పెద్దమనిషైందని అందులో ఒక పిల్లను బడి మాన్పించే చోట ఆగిపోయింది.

"అక్కా, నువ్వు చదివినవ్ గద. గీ పిల్ల మళ్ల దోస్తుల కాడికి బడికొస్తదా?"

"నువ్వే చదువు" అన్నాను.

"మంచిర్యాలల దిగుతం. ఇంట్ల చదువనియ్యరు. జర చెప్పక్కా."

"వస్తది."

ఆమె అక్కడికక్కడే పుస్తకం మూసి, నా ఒళ్లో పెట్టింది.

"ఐతె గింతవరకు చాలు. నన్నైతె మళ్ల పంపలే."

బండి ఆగింది. అత్త ముడి విప్పకుండానే లేచి దిగింది. కొంగు లాగిన వైపే కోడలూ దిగిపోయింది.

నా నవలలో ఆ పిల్ల మళ్లీ బడికి రాదు.