బాన్సువాడ సభలో నరాల ముచ్చట

బాన్సువాడ గ్రంథాలయం వారు వార్షికోత్సవానికి సైన్సు మీద తెలుగులో ఉపన్యాసం ఇమ్మని అడిగారు. నేను అప్పుడు హైదరాబాదులో వైద్య విద్యార్థిని. నవాబు ఏలుబడి రోజులవి; మా చదువంతా ఉర్దూ, ఇంగ్లీషు. నరాల కణాల గురించి తెలుగులో చెబుతానంటే తోటివాళ్లు నవ్వారు. నాకు పంతం పట్టింది.

తెల్లవారుజామున కాచిగూడలో మూడో తరగతి రైలు పెట్టె ఎక్కి, పొద్దెక్కాక కామారెడ్డిలో దిగాను. బాన్సువాడ వెళ్లేవారు స్టేషను బయటే ఏదైనా తినడం మంచిది. బస్సు దారిలో ఎక్కడ చెడి ఆగిపోతుందో చెప్పలేం.

బస్సులో నా పక్కన కిషన్‌రావు సారు కూర్చున్నారు. బాన్సువాడ బడిలో ఉర్దూలో లెక్కలు చెప్పి పింఛను పుచ్చుకుంటున్న పెద్దమనిషి. నా పని విని, "తెలుగుల పాటలు పాడుతరు, కతలు చెప్తరు. గీ సైన్సుకు మాటలేడున్నయి బేటా?" అన్నారు. లోపల నా భయమూ అదే.

కాలువ దాటగానే వరి, చెరుకు. మధ్యాహ్నం ఒక బియ్యం కొట్టు మేడమీద బస, జొన్నరొట్టె, పచ్చిపులుసు.

సాయంత్రం సభకు రైతులు, కొట్లవాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు వచ్చారు. సారు ముందు వరుసలోనే ఉన్నారు. లేచి మొదలుపెట్టాను. "నరాలన్నీ కాలువల్లా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయని పెద్ద పెద్ద పండితులు నమ్మారు. ఇటలీలో ఒకాయన వెండి మందుతో నరకణాలను నల్లగా చూపే ఉపాయం కనిపెట్టాడు. ఆయన నమ్మకమూ అదే. స్పెయినులో ఇంకొకాయన ఆ ఉపాయంతోనే చూసి, కాదన్నాడు. ఏ కణానికి ఆ కణమే, కొసలు దగ్గరికొస్తాయి గాని కలిసిపోవన్నాడు. ఇద్దరికీ ఒకే ఏడు ఒకే బహుమతి. అది పుచ్చుకుంటూ కూడా ఇటలీ ఆయన ఒప్పుకోలేదు!"

సభ గొల్లున నవ్వింది. ఒక అవ్వ అడిగింది: "మరి కాల్ల ముల్లు గుచ్చితే తలకాయకెట్ల ఎరుకైతది బిడ్డా?"

"ఈ చేనివాళ్లు ఆ చేనివాళ్లకు కేకేసినట్టు, అవ్వా."

కిషన్‌రావు సారు లేచారు. "గట్ల కాదు. నడుమ సందున్నదంటివి. గా సందు కబురెట్ల దాటుతది? కరెంటా, ఏదన్న రసమా?"

నాకు ఒళ్లు పులకరించింది. "సార్, దేశదేశాల శాస్త్రజ్ఞులు ఇప్పుడు కొట్లాడుకుంటున్నది సరిగ్గా ఈ మాట మీదే. ఇంకా తేలలేదు."

సారు సభ వైపు తిరిగారు. "గంత పెద్ద సవాలు నేను తెలుగులనే అడిగిన్నా?" అని పకపకా నవ్వారు. చప్పట్లతో సభ దద్దరిల్లింది.

మర్నాడు తిరుగు బస్సులో సభకు వచ్చినవాళ్లే సగం మంది. ఒకడు కరెంటన్నాడు, ఇంకొకడు రసమన్నాడు. కామారెడ్డి దాకా వాదన తెగలేదు. నా అవసరమే పడలేదు.