మల్లేశు వాలు అక్షరాలు

అరకు సంత రోడ్డులో నలభై ఏళ్లుగా బోర్డులు రాసిన మల్లేశుకి ఫ్లెక్సీలంటే మంట. అంతకన్నా మంట, వాటి మీద తన అక్షరాలే కనబడడం.

అవి అతనివేనని సంతలో ఎవరూ కాదనరు. మొదలు నుంచి చివరి దాకా గీత ఒకటే లావు. కొసకి తోక ఉండదు, సోకు ఉండదు. గుండ్రటి బ్రష్షు ఆనించి ఎత్తినట్టు మొద్దుగా ఆగుతుంది. పదం మొత్తం కుడివైపు కాస్త వాలుతుంది. కాఫీ హోటలు, సోడాలు, బొంగు చికెన్... తిండి దగ్గర ఆ అక్షరమే. ప్రమాదం దగ్గర మాత్రం చదునైన పలక బ్రష్షు తీసి నిటారుగా రాసేవాడు.

"పిలిసే అచ్చరం వేరు, ఆపే అచ్చరం వేరు" అనేవాడు.

విశాఖపట్నం పిల్లలెవరో వచ్చి అతను రాసిన గోడలన్నీ ఫోటోలు తీసుకుని పోయారు. ఏడాది తిరక్కుండా ఫ్లెక్సీ షాపు నవీన్ కంప్యూటర్లో ఆ అక్షరాలు ఫాంటుగా దిగాయి. అతన్ని అడిగినవాడు లేడు. ఆ తర్వాత మల్లేశుని పనికి పిలిచినవాడూ లేడు.

ఈ వేసవిలో రిసార్టు యజమాని జగన్నాథరావు, కొండ మీద నుంచి పారే గెడ్డ ఒడ్డున రేకు బోర్డు పెట్టించాడు. "లోతు ఉంది, దిగవద్దు" అని, అవే వాలు అక్షరాలతో, ఆకుపచ్చ స్టిక్కరు. ఆదివారం నలుగురు టూరిస్టులు దాని పక్క నుంచే నీళ్లలోకి దిగారు. అక్కడ మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే కనక, మునిగిపోతున్న ఒక పిల్లని జుట్టు పట్టుకుని పైకి లాగింది.

"బోర్డు సూళ్లేదేటే గుంటా?"

"జ్యూస్ బండిదనుకున్నాం ఆంటీ" అంది ఆ పిల్ల వణుకుతూ.

కనక వచ్చి చెప్పగానే మల్లేశు నవీన్ షాపు మీదికి పోయాడు.

"నా అచ్చరాలు తీసుకెళ్లి సావు కాడ పెడతావేట్రా?"

"ఓనరు అదే కావాలన్నాడు బాబాయ్, సూడ్డానికి బాగుంటాదని." నవీన్ తలెత్తలేదు. "నీకు పని పోయిందని కుళ్లు. అలా సెప్పు."

"కుళ్లేరా, అవును. అయితే ఆ గుంట సచ్చుంటే నీ కంప్యూటరు ఏడుత్తాదేటి?"

మర్నాడు పొద్దున్నే నల్లరంగు డబ్బా పట్టుకుని గెడ్డకి వెళ్లాడు. ఇన్నేళ్లు దిద్దుకున్న ఒంపుల్ని ఒక్కొక్కటే తన చేత్తోనే పూడ్చాడు. 'లో' గుండ్రం దగ్గర చెయ్యి ఆగింది. పళ్లు కొరికి దాన్నీ కప్పేశాడు. ఎండకి అది ఆరాక పలక బ్రష్షుతో, ఎర్రరంగుతో నిటారుగా రాశాడు: "ఇక్కడ దిగితే చస్తారు".

జగన్నాథరావు కారు దిగుతూనే అరిచాడు.

"ఎవడ్నడిగి రాశావురా? వచ్చినోళ్లు భయపడి పారిపోతారు!"

"బయపడాలనే రాసినాను."

"చెరిపెయ్ ముందు."

"మీరే సెరపండి బాబూ. ఇంకా ఆర్లేదు, సేతికి అంటుకుంటాది."

జగన్నాథరావు బోర్డు మీదికి ఎత్తిన చెయ్యి దించుకున్నాడు. మల్లేశు మాత్రం బ్రష్షు కింద పెట్టలేదు. బోర్డు అడుగున ఇంకో వరసకి జాగా ఉంది. అక్కడ ఆదివారం సంగతి కూడా రాయమంటారా అన్నట్టు ఆయన మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.