జరగకముందే రాసేసిన కోత పండుగ

ఆ రోజుల్లో రోజుకి ఇరవై నాలుగు గంటలే ఉంటాయన్న సంగతి అందరికీ తెలుసు, నాకు తప్ప. విజయనగరం దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో మూడో ఏడు చదువుతున్నాను. పొద్దున్న క్లాసులు, మధ్యాహ్నం ల్యాబులు, సాయంత్రం రికార్డులు, ఆ పైన హాస్టల్లో బకెట్టు పట్టుకుని నిలబడే క్యూ. ఇన్నిటి మధ్యా నాకో తెలుగు బ్లాగు. పేరు ‘ఉప్పుగాలి కబుర్లు’. పాఠకులు మరీ ఎక్కువమంది కారు. ఏం రాసినా ‘చాలా బాగుందమ్మా’ అనే ఒక రిటైరైన మాస్టారు, ఏం రాసినా తప్పులు పట్టే ఇంకో రిటైరైన మాస్టారు, పక్క మంచం మీదే ఉంటుంది కాబట్టి కామెంటు పెట్టక తప్పని నా రూమ్మేటు. అయినా లోకం నా కోసం ఎదురుచూస్తోందని గట్టి నమ్మకం. క్లాసుకీ క్లాసుకీ మధ్య ఎంతమంది చూశారో ఫోను తీసి చూసుకునేదాన్ని. చదువుకి టైం చాలడం లేదని టైమ్‌టేబుల్ వేసే యాప్ ఎక్కించుకున్నాను. అందులో ఏ సబ్జెక్టుకి ఏ రంగు వేయాలో తేల్చుకునేలోపు మిడ్ పరీక్షలు వచ్చేశాయి. వైవాలో బయటి కాలేజీ నుంచి వచ్చిన సారు ప్రశ్న అడుగుతుంటే, జవాబు మానేసి ఆయన కళ్లజోడు గురించి ఎలా రాస్తే బాగుంటుందా అని ఆలోచించేదాన్ని. (ఆయన నా మొహంలో ఆ ఏకాగ్రత చూసి, పాపం, మార్కులు బాగానే వేశారు.)

మాది నౌపడ. నాన్న ఉప్పు మడుల్లో మేస్త్రీ. నాకు ఇంజనీరింగు సీటు వచ్చిందన్న సంబరంలో ఆయన టచ్ ఫోను కొనిచ్చారు. అమ్మకి మాత్రం ఆ ఫోను మీద మొదటి రోజు నుంచీ అనుమానమే. శనివారం ఇంటికి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూ కూడా నేను దానికేసి చూస్తుంటే ఆవిడకి ఒళ్లు మండేది. ఆ ఏడు కాలేజీ తెరిచే ముందు నన్ను కూర్చోబెట్టి ఒకే మాట చెప్పింది.

“సదువు పాడైనా, సర్చి పాడైనా ఆ ఫోను మరి నీ సేతిలో ఉండదు. మీ నాయిన బొత్తాల ఫోను నీకిచ్చేస్తాను. దాంతో మాటాడుకో సాలు.”

అమ్మ అన్నదంటే అన్నట్టే. నాన్న తన బొత్తాల ఫోనుని జేబులోంచి తీసి ఒకసారి జాలిగా చూసుకున్నారు. ఆ ఫోను నా చేతికి వచ్చిందంటే నా బ్లాగు పోయినట్టే. బ్లాగు పోతే ఇక నేనెందుకు అనుకునే వయసు అది. అందుకని చర్చి ఆదివారం బడిలో పిల్లలకి పాటలు నేర్పేదాన్ని, క్వయర్లో నిలబడి కీర్తనలు పాడేదాన్ని, ఏ సబ్జెక్టూ పోకుండా నెట్టుకొచ్చేదాన్ని. బ్లాగు మాత్రం రానూపోనూ పాసింజరు బండిలో, కిటికీ పక్కన సీటు దొరికితే కూర్చుని, లేకపోతే తలుపు దగ్గర నిలబడి రాసేదాన్ని.

అలాంటి రోజుల్లో మా చర్చిలో కోత పండుగ వచ్చింది. తెలియని వాళ్లకి చెప్పాలి కదా. మా బాప్టిస్టు చర్చిలో పంటలు ఇంటికి వచ్చే కాలంలో ఎవరి మొదటి పంట వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెడతారు. ధాన్యం బస్తా, అరటి గెల, కోడి, కొబ్బరికాయలు, మా నాన్న లాంటి వాళ్లయితే ఉప్పు మూట. ఆరాధన అయ్యాక ఆవరణలో వాటిని వేలం వేస్తారు. పాట పాడి గెలుచుకున్నవాళ్లు ఇంటికి పట్టుకుపోవచ్చు, మనసుంటే మళ్లీ దేవుడికే ఇచ్చేయొచ్చు. ఇచ్చేస్తే దాన్ని మళ్లీ పాటకి పెడతారు. అందుకని ఒక్కో కోడిపుంజు నాలుగైదు చేతులు మారి, చివరికి ఎవరి ఇంటికి వెళ్తోందో దానికే తెలియని స్థితిలో కళ్లు తేలేసేది.

పండుగ ఆదివారం. సోమవారం నాకు సెమిస్టరు పరీక్ష. పండుగ మీద రాస్తే బ్లాగులో బాగా చదువుతారు, పండుగ రోజే రాయకపోతే చల్లారిపోతుంది. ఆదివారం సాయంత్రమేమో పుస్తకం ముందు కూర్చోవాలి. అప్పుడు తట్టింది నాకు ఆ ఉపాయం. బ్లాగులో ఒక సదుపాయం ఉండేది. ముందే రాసిపెట్టి ఫలానా రోజు, ఫలానా వేళకి వేయమని చెప్తే దానంతటదే బయటికి వస్తుంది. పండుగ ఇంకా జరగలేదు కదా అంటారా? మా కోత పండుగలో కొత్తగా జరిగేదేముంది? పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. శనివారం పాసింజరులో కూర్చుని, ‘ఈ రోజు మా కోత పండుగ ఎంత బాగా జరిగిందంటే’ అని మొదలెట్టి, దిగేలోపు పూర్తి చేసేశాను. ఆదివారం సాయంత్రం ఐదుకి వేయమని పెట్టి, కాలాన్ని జయించిన దానిలా స్టేషన్లో దిగాను.

ఏం రాశానంటే, మా పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలెడితే చంటిపిల్లలు నడక నేర్చేసరికి ఆమెన్ వచ్చిందని రాశాను. మా గుర్రు మావ ప్రసంగం మధ్యలో నిద్రపోయి, క్వయరు లేచినప్పుడు ఉలిక్కిపడి తనూ లేచాడని రాశాను. రాగం అత్త మొదటి కీర్తన మరీ పైన ఎత్తుకుంటే సంఘమంతా గొంతులు చించుకుందని రాశాను. కాంట్రాక్టు మావ పెద్ద పుంజుని పాడి, అందరూ చూశారా లేదా అని అటూ ఇటూ చూసి మరీ దేవుడికి తిరిగిచ్చాడని రాశాను. చివర్లో కాస్త కన్నీళ్లు కూడా ఉండాలని మా అమ్మ గుమ్మడికాయ గురించి రాశాను. వంటపాక మీద పాకిన పాదులో మొదటి కాయని అమ్మ ఏటా తెచ్చి పెడుతుంది. ఏటా దాని వంతు వచ్చేసరికి ఎవరూ నోరు విప్పరు. అమ్మే పాడుకుని, తన కాయని తనే చంకన పెట్టుకుని ఇంటికి వస్తుంది. ‘ఇంత పెద్ద సంఘంలో మా అమ్మ కాయని అడిగే నాథుడే లేకపోయాడు’ అని ముగించి, నా రాతకి నేనే ముక్కు చీదాను. (ఎదురు సీటులో పల్లీలు అమ్మే ఆవిడ భయపడి గుప్పెడు పల్లీలు ఊరికే ఇచ్చింది.)

ఇంతకీ సాయంత్రం ఐదు అనుకుని నేను పెట్టింది ఉదయం ఐదు.

ఆదివారం చర్చికి వెళ్లేసరికి అందరూ నాకేసి అదోలా చూస్తున్నారు. కొత్త లంగా ఓణీ బాగుందేమో అనుకున్నాను. యూత్ గ్రూపు చూసుకునే మా పెద్దమ్మ కొడుకు వచ్చి, “ఏటే, పండగ అయిపోనాదని రాసినావు, మేమింకా రానే లేదు” అని ఫోను చూపించాడు. పొద్దున్నే వాడు దాన్ని గ్రూపులో పంపడం, చదవగలిగిన వాళ్లు చదవలేని వాళ్లకి వినిపించడం, అన్నీ అయిపోయాయి. తెలియనిది ఇక ఒక్క అమ్మకే. క్వయర్లో నిలబడ్డానన్న మాటే గానీ, నా కళ్ల ముందు బొత్తాల ఫోనే కనిపిస్తోంది.

ఆ తర్వాత జరిగింది చూడాలి. నేను రాసినదానికి ఒక్కటీ సరిపోకూడదని మా సంఘం కంకణం కట్టుకుంది. అయ్యగారి ప్రార్థన మేం కళ్లు మూసుకునేలోపు అయిపోయింది. గుర్రు మావ వెన్ను నిటారుగా పెట్టి, రెప్ప కూడా వేయకుండా ప్రసంగమంతా విన్నాడు. ఆయన్ని చూస్తేనే భయం వేసింది. రాగం అత్త కీర్తన ఎంత కింద ఎత్తుకుందంటే మగవాళ్లు కూడా అందుకోలేక పెదవులు కదిపి ఊరుకున్నారు. కాంట్రాక్టు మావ పుంజుని పాడి, తిరిగివ్వకుండా, దించుకున్న తల ఎత్తకుండా చంకలో పెట్టుకుని కూర్చున్నాడు. అది ఆయన కొత్త చొక్కా మీద చేయవలసిన పని చేసింది.

గుమ్మడికాయ వంతు వచ్చింది. సంఘ పెద్ద దాన్ని పైకెత్తాడు. అమ్మ ఎప్పట్లాగే మెల్లిగా తన పాట చెప్పింది. వెంటనే వెనక నుంచి గుర్రు మావ పెంచాడు. అమ్మ వెనక్కి తిరిగి చూసి, ఇంకొంచెం పెంచింది. రాగం అత్త పెంచింది. అటు నుంచి ఒకరు, ఇటు నుంచి ఒకరు, నెలకి ఒకసారి కూడా గుమ్మడికాయ తినని వాళ్లందరూ పెంచేస్తున్నారు. నాకేమో ఒక పక్క భయం, ఇంకో పక్క గర్వం. చూడు, నా రాతకి ఎంత బలం ఉందో అనుకున్నాను. అమ్మ కొంగు ముడి విప్పి చూసుకుని, మరి పాడలేక ఆగిపోయింది. కాయ కాంట్రాక్టు మావకి వెళ్లిపోయింది. ఆయన ఒక చంకలో పుంజు, ఇంకో చంకలో గుమ్మడికాయతో నిలబడి నాకేసి చూసి, మెచ్చుకోమన్నట్టు తల ఊపాడు.

సంతోషంగా అమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ కళ్లలో నీళ్లు.

“అదేటే, అందరికీ ఈ ఏడే నా కాయ మీద కన్ను పడ్డాది? నీకు రెండేళ్లప్పుడు జొరమొచ్చి పాలు కూడా దిగనేదు. నువ్వు తింటే సాలు, ఏటా మొదటి కాయ దేవుడికి సూపించి, నా పాటతో తెచ్చి నీకు వండి పెడతానని మొక్కుకున్నాను. అందరికీ తెలుసు గదా. అందుకే ఎవులూ పాడరు.”

హాస్టలుకి ఏటా డబ్బాలో వచ్చే గుమ్మడికాయ హల్వా, రూమ్మేటుకి సగం పెట్టి, మిగిలింది విసుగ్గా తినే ఆ హల్వా, ఇదన్నమాట. తిన్నగా కాంట్రాక్టు మావ దగ్గరికి వెళ్లి, ఆ కాయ అమ్మకి కావాలి మావా అన్నాను. ఆయన తెల్లబోయాడు.

“మొక్కు సంగతి మాకు తెల్దేటే? నువ్వే గదే రాసినావు, ఎవులూ అడగట్లేదు, అమ్మ బాధపడతాందని. కన్నకూతురు రాసినాక నిజమే గావాల అనుకున్నాం.”

అని, పుంజుని నా చేతిలో పెట్టి, కాయని రెండు చేతులా పట్టుకుని వెళ్లి బల్ల మీద పెట్టాడు. దేవుడికి తిరిగిచ్చేస్తున్నానన్నాడు. సంఘ పెద్ద మళ్లీ పాట మొదలెట్టాడు. అమ్మ మెల్లిగా తన పాట చెప్పింది. ఒకటోసారి అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. రెండోసారి అన్నాడు. పిల్లల్ని కూడా ఊరుకోబెట్టారు. ఇన్నేళ్లూ ఆ నిశ్శబ్దంలో నిలబడి ఊరందరి మీదా కోపం తెచ్చుకున్నాను. అది మా అమ్మకి వాళ్లు ఇస్తున్న మర్యాదని ఆ రోజే, చేతుల్లో కోడిపుంజు గింజుకుంటుండగా, తెలిసింది. ఏడుపొచ్చింది. ఈసారి ఎవరూ పల్లీలు ఇవ్వలేదు.

ఇంటికి వచ్చేలోపు నా రాత సంగతి అమ్మ చెవిన పడనే పడింది. గుమ్మంలోనే చెయ్యి చాపింది. ఫోను తీసి ఇచ్చేశాను. అడగకుండానే నాన్న తన బొత్తాల ఫోను తెచ్చి బల్ల మీద పెట్టారు. అమ్మ టచ్ ఫోనుని అటూ ఇటూ తిప్పి, మళ్లీ నాకే ఇచ్చి, ఆ రాసిందేదో చదవమంది. చదివాను. గుర్రు మావ దగ్గర నవ్వింది, పుంజు దగ్గర పొట్ట పట్టుకుని నవ్వింది. తన సంగతి వచ్చేసరికి కాయ కొయ్యడం ఆపి నాకేసి చూసింది.

“అంత బాధనిపిస్తే నన్ను అడగొచ్చు గదే. సూసినాక రాయి, అడిగినాక రాయి. రాసేసి సూడకు,” అంది. మళ్లీ కత్తి తీసుకుంటూ, “ఇప్పుడు దాన్ని ఆ మూల పడేసి పరీక్షకి సదువు,” అంది.

సోమవారం పరీక్ష ఏదో గట్టెక్కాను. ఆ రాతని బ్లాగులోంచి తీసేశాను. దాని చోట ఏమీ పెట్టలేదు, పెట్టబుద్ధి కాలేదు.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది, నెట్‌కి కొదవ లేదు, టైమ్‌టేబుల్‌కి రంగులు వేసే పని అంతకన్నా లేదు. రాద్దామని కూర్చుంటే మాత్రం ఒక్క పేరాకి నెల పడుతోంది. నాలుగు వాక్యాలు రాసి, ఇది నేను చూశానా, ఊహించుకున్నానా అని అమ్మకి ఫోను చేసి అడుగుతున్నాను. ఆ రోజు పాసింజరు కిటికీ పక్కన కూర్చున్న ఆ పిల్ల ఎంత ధైర్యంగా రాసేసింది, అమ్మ మనసులో ఏముందో కూడా తనకే తెలిసినట్టు. దాన్ని తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా వేస్తుంది. ఆ పిల్ల ఒక్క ప్రయాణంలో రాసి పారేసిన ఆ పండుగని, జరిగింది జరిగినట్టు రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.