గోదాములో అరవై మోకాళ్లు

కృత్రిమ కాళ్లు చేసే ఆవిణ్ని అందరూ కాళ్లక్క అనేవారు. "జనం పని కావాలంటే కాళ్లు పట్టుకుంటారు. నాకు కాళ్లు పట్టుకోవడమే పని" అని ఆవిడే నవ్వేది. రెండు గదుల వర్క్‌షాపు, ప్లాస్టిక్ రేకులను మెత్తబరిచే ఓవెన్, సానమిషను, ఇద్దరు పనివాళ్లు. మోకాలి కీళ్లు మాత్రం విదేశం నుంచి తెప్పించేది.

ఆ ఏడాది అరవై కీళ్లున్న పెట్టెను కస్టమ్స్ వాళ్లు ఆపేశారు. అవి వైద్య పరికరాలు కావు, యంత్రాల విడిభాగాలు, సుంకం నాలుగింతలు కట్టాలన్నారు.

"అప్పీలు వేద్దాం" అన్నాడు వకీలు. "కానీ వాళ్లు కట్టమన్నదాంట్లో కొంత ముందే డిపాజిట్ చేయాలి. లేకపోతే అప్పీలు తీసుకోరు."

"నా తప్పు లేదని చెప్పుకోవడానికి కూడా ముందే కట్టాలా?"

"గెలిస్తే తిరిగిస్తారమ్మా. ఈలోగా పెట్టె విడిపించుకోవాలంటే మిగతా మొత్తానికి బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి."

గ్యారంటీ ఊరికే ఇవ్వలేం, అంత విలువైన ఆస్తి తాకట్టు పెట్టమన్నాడు బ్యాంకు మేనేజరు. ఆమెకున్నది అన్నయ్యతో ఉమ్మడిగా ఉన్న ఇల్లొక్కటే. అన్నయ్య కాగితాలు రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నీ మీద నమ్మకం లేక కాదమ్మా. రేపు ఓడిపోతే పిల్లల్ని వేసుకుని ఎక్కడికి పోను?"

ఆమె కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. వదిన ఇచ్చిన టీ తాగి వచ్చేసింది. ఓవెన్, సానమిషను అమ్మి డిపాజిట్ కట్టింది. అప్పీలు తీసుకున్నారు. పెట్టె మాత్రం కస్టమ్స్ గోదాములోనే ఉండిపోయింది.

ఆ అరవైలో ఒకటి ఒక బస్సు కండక్టరు కోసం. ప్రమాదంలో అతని కాలు తొడ దాకా పోయింది. ఏడాదిలోగా నడుచుకుంటూ వస్తే ఉద్యోగం ఉంటుందని డిపోలో చెప్పారు. నెలనెలా చంకకర్రలతో వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

"వచ్చిందా అక్కా?"

"ఇంకా లేదండీ."

కొన్నాళ్లకు అడగడం మానేసి, ఆమె మొహం చూసి వెనుదిరిగేవాడు. పదమూడో నెల రాలేదు.

రెండున్నరేళ్లకు ఆమె గెలిచింది. డిపాజిట్ తిరిగొచ్చింది, పెట్టె చేతికొచ్చింది. తెరిస్తే, కీళ్లలోని రబ్బరు మెత్తలు బీటలు వారి ఉన్నాయి. వేలు తగిలితే పొడిగా రాలాయి. పనికొచ్చినవి తొమ్మిది.

అప్పటికి ఆమె వేరొకరి దగ్గర జీతానికి చేస్తోంది. ఒక కీలు సంచిలో వేసుకుని కండక్టరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. అతను మంచం మీద కూర్చుని కూలికి చొక్కాలకు గుండీలు కుడుతున్నాడు.

"ఇప్పుడెందుకక్కా? నడిచి ఎక్కడికెళ్లాలి?"

"ఎక్కడికీ వద్దు. కొలత తీసుకోనివ్వండి."

తొడ బాగా సన్నబడింది. పాత కొలతలు పనికిరావు. ఆమె మళ్లీ మొదటి నుంచి టేపు చుట్టింది. అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

మూడు నెలలకు అతను వీధి చివరి దాకా నడవగలిగాడు. డిపోకు వెళ్లి అడుగుదాం, నేనూ వస్తానంది ఆమె.

"వద్దక్కా. ఆ రూటులో ఇంకొకతన్ని వేశారు" అన్నాడు. "మంచివాడే."