వీపు బొమ్మ

గర్... గర్... రేకు మీద బ్లేడు గీకుతున్న చప్పుడు. వీధి మలుపు తిరగకముందే నా పళ్లు జివ్వుమన్నాయి. దుకాణంలోకి తొంగిచూస్తే, బోర్డులు రాసే అక్క నేల మీద కూర్చుని కన్నతల్లి కళ్లు గీకేస్తోంది.

"ఇవి నేను పెట్టినవి కావు," అంది తలెత్తకుండా. "నేను లేని పూట చూసి మా అన్న ఇంకెవరితోనో పెట్టించాడు. ముక్కూ మూతీ కూడా. అందుకే దింపి తెచ్చుకున్నా."

ఎదురుగా ఉన్న కుట్టు దుకాణం ఆ అన్నదే, అంతకుముందు తల్లిది. ఆమె పోయాక, గుమ్మం మీద పెట్టడానికి బొమ్మ వెయ్యమని చెల్లెల్నే అడిగాడు. వేసిచ్చింది. అంతా పసుపు. మధ్యలో గోధుమరంగు వంపు ఒకటి, వంగిన వీపు. దాని పక్కన నల్లటి ముద్ద, కుట్టుమిషను. నీడల్లేవు, ముడతల్లేవు. ఒక్కో రంగూ నిలవనీరులా చదునుగా పరుచుకుని, అంచు దగ్గర టక్కున ఆగిపోతుంది.

చప్పుడు విని అన్న వచ్చాడు, మెడలో టేపుతో.

"సెలూన్ బోర్డుకి మీసం వెంట్రుక వెంట్రుకా వేశావు. అమ్మకి ముక్కు వెయ్యడానికి చెయ్యి రాలేదా?"

"అమ్మ ముఖం మనకెప్పుడు చూపించింది అన్నయ్యా? మిషనేమో గోడవైపు. బడి నుంచి వస్తే వీపు, ఆకలంటే వీపు. నీకు గుర్తున్నది ఫొటోలో ముఖం."

"దారినపోయేవాళ్లు గోనెసంచా అని అడుగుతున్నారే."

"ఊరందరి బట్టలూ కుట్టీ కుట్టీ అలా అయిందని చెప్పలేకపోయావా?"

"ఇది నా గుమ్మం మీద పెట్టను."

"పెట్టకు. నాకూ ఉంది గుమ్మం."

గీకిన చోటంతా అదే గోధుమరంగు నింపింది. కుంచె నడిచిన జాడ కూడా మిగల్లేదు. తడి ఆరకముందే స్టూలెక్కి, తన షట్టరు పైన మేకులకు తగిలించింది, సరిగ్గా అన్న దుకాణానికి ఎదురుగా.

అతను ఏదో గొణుక్కుంటూ వెళ్లి, గోడవైపు తిరిగున్న ఆ పాత మిషను ముందు కూర్చుని వంగాడు. సూది కదిలిన చప్పుడు వీధి దాటి వచ్చింది.

అక్క స్టూలు దిగకుండానే కుంచెతో నాకు అటు చూపించింది.

"మా అన్న ముక్కు కనబడుతోందా మీకు? అయినా ఎవరో తెలుస్తోందిగా. ఇంకెన్నిసార్లు కళ్లు పెట్టించినా గీకేస్తానని, వెళ్తూ వెళ్తూ ఆ వీపుకి చెప్పి వెళ్లండి."