పర్లేదుగారి అరపూట సెలవు

మా పార్సిల్ ఆఫీసులో మూడో కౌంటరాయన అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గాని, ఇరవై రెండేళ్లుగా దాన్ని ఎవరూ వాడిన పాపాన పోలేదు. అందరికీ ఆయన పర్లేదుగారు. ఆయన నెత్తిన ఏ పని రుద్దినా వచ్చే జవాబు ఆ ఒక్క మాటే.

ఒకటో కౌంటరావిడకు నడుం నొప్పి కాబట్టి బరువు పార్సిళ్లన్నీ ఆయన తూకం మీదికే వెళ్లేవి. రెండో కౌంటరు నాది. నాకు నడుం నొప్పి లేదు, బద్ధకం ఉంది. అందుకని నావీ వెళ్లేవి. ఆయనకూ ఒక నడుం ఉంటుందని మాకెవరికీ తట్టలేదు.

ఒక సోమవారం ఆయన నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు.

"రేపు పదింటికి మా ఆవిడకి ఆపరేషనండీ. కడుపులో గడ్డ. లోపలికి తీసుకెళ్లేదాకా పక్కనే ఉండమని అడిగింది. పొద్దున పూట నా సీట్లో కూర్చుంటారా?"

కౌంటరు ఖాళీగా ఉండకూడదని మా మేనేజరు రూలు. సెలవు కావాలంటే, ఆ సీట్లో కూర్చుంటానని ఇంకొకరు కాగితం రాసివ్వాలి. మర్నాడు నాది మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున ఖాళీయే.

"అయ్యయ్యో, ఎంత కష్టమొచ్చిందండీ!" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. జాలిపడడంలో మా ఆఫీసులో నన్ను మించినవాడు లేడు. "కానీ రేపు పొద్దున కర్టెన్లు బిగించేవాడు వస్తానన్నాడండీ. వాడు దొరకడమే గగనం."

"పర్లేదండీ," అన్నారాయన.

చూశారా, ఆయనే పర్లేదన్నారు! నా మనసు తేలికపడింది. ఒకటో కౌంటరావిడ కూడా బాగా నిట్టూర్చి, కుదరదని చెప్పి, అదే జవాబు అందుకుంది. మేనేజరుగారు ఇంకో మెట్టు పైకెక్కారు. "ఇంట్లో ఎలా ఉందయ్యా?" అని అడిగి, "పర్లేదండీ" అని వినగానే, "హమ్మయ్య, నయమైందన్నమాట!" అని భుజం తట్టి గదిలోకి వెళ్లిపోయారు. ఆ మాటకున్న అర్థాల్లో మాకు పని తగ్గించేదాన్నే మేం ఏరుకునేవాళ్లం.

మర్నాడు కర్టెన్లవాడు రానే లేదు. పేపరు మూడుసార్లు చదివి, మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లాను. అప్పటికే పర్లేదుగారు డ్యూటీ దిగి ఆస్పత్రికి పరుగెత్తారట. సరిగ్గా పదింటికి ఒకరి పార్సిల్ మీద ఇంకొకరి చిరునామా అంటించారట. ఇరవై రెండేళ్లలో అదే మొదటి తప్పు. మేనేజరుగారు మెమో టైపు చేయించి పెట్టారు.

రెండు రోజుల తర్వాత అరడజను నారింజపళ్లు పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను. ఆయన మందులకని కిందికి వెళ్లారు. మంచం మీద ఆవిడ నన్ను చూసి లేవబోయింది.

"రెండో కౌంటరు అన్నయ్యగారు కదూ! ఆ రోజు మీ సీటు నేను చూస్తాను వెళ్లండని మీరు ఎంతో బతిమాలారట. ఈయనే మొహమాటపడి వద్దన్నారట. బాగా కోప్పడ్డానండీ. ఒక్కదాన్నే లోపలికెళ్తూ, తలుపు మూసేదాకా ఈయన కోసమే చూశాను."

సిగ్గుతో చచ్చిపోయాను. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. గుమ్మంలో మందుల సంచీతో ఆయన నిలబడి ఉన్నారు. ఆవిడ వెనక నుంచి నన్నే చూస్తూ, చెప్పొద్దని తల అడ్డంగా ఊపారు.

"ఎంత చెప్పినా వినలేదమ్మా," అన్నాను.